సర్వపిండంత పలక

గోదావరిఖనిలో ఆ ఎనిమిదిళ్ల క్వార్టర్ల లైనుకు పూలమ్మ ఇల్లే సినిమా హాలు. ఆమె టీవీ అంత పెద్దది. ఎంత పెద్దదంటే, సీరియల్లో కోడలు ఏడిస్తే ముందు కూర్చున్న ఆడవాళ్ల కొంగులు తడిసేవి. అత్త గదమాయిస్తే గోడ మీది క్యాలెండరు దానంతట అదే నెల తిప్పుకునేది. నమ్మకపోతే ఆ లైనుకు పోయి ఎవరినైనా అడగండి, ఒక్కరు కాదంటే చూద్దాం.

మరి మిగతా ఏడిళ్లల్లో టీవీలు లేవా? ఉన్నాయి. ఉండి ఏం లాభం? ఆ ఇళ్ల మగవాళ్లంతా బొగ్గు బాయి దిగే వాళ్లు. ఒక వారం మొదటి షిఫ్టు, ఒక వారం రెండో షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. రాత్రంతా బొగ్గు కొట్టి వచ్చిన మనిషి పగలు పడుకుంటే ఇంట్లో గిన్నె మీద గిన్నె పెట్టాలన్నా భయమే. అందుకని ఆ లైనులో ఒక కట్టుబాటు ఉంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు తన హెల్మెట్‌ను గేటుకు తగిలించి లోపలికి పోతాడు. గేటుకు హెల్మెట్ ఉందంటే ఇంట్లో మనిషి నిద్రపోతున్నట్టు లెక్క. కూరగాయల బండివాడు కేక ఆపేస్తాడు. పిల్లలు బంతిని చంకలో పెట్టుకుని దాటుతారు. కాకి కూడా గోడ మీద వాలి, హెల్మెట్ చూసి, పక్కింటికి పోయి అరుస్తుంది. ఆ గేటు గొళ్లెం మాత్రం ఎవరూ ముట్టరు.

పూలమ్మ ఒక్కదానికే ఆ బాధ లేదు. ఆమె మొగుడు సదయ్యకు మోకాలు దెబ్బతిన్నప్పుడు బాయి నుంచి వర్క్‌షాపుకు మార్చారు. అప్పటినుంచి ఏడాది పొడుగునా జనరల్ షిఫ్టే. పొద్దున పోయి సాయంత్రం వస్తాడు. అతని హెల్మెట్ అటక మీద బూజు పట్టింది. కాబట్టి మధ్యాహ్నం రెండింటి సీరియల్‌కు లైనంతా పూలమ్మ ఇంట్లోనే. వాళ్లు చాప మీద, ఆమె కుర్చీ మీద. రిమోట్ నడుములో చెక్కుకుని కూర్చునేది, తాళంచెవుల గుత్తిలాగా. వచ్చేవాళ్లు ఊరికే రారు కదా. ఒకరు గారెలు తెచ్చేవారు, ఒకరు వార్త తెచ్చేవారు. ఏ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో ఆ ఇంటివాళ్ల కన్నా ముందే పూలమ్మకు తెలిసేది. పదేళ్లు అలా ఏలింది.

అట్లాంటి రాజ్యం మీదికి ఒక పలక వచ్చింది.

తెచ్చింది పక్కింటి శోభ. శోభ మొగుడు భూపాల్ పెద్దపల్లికి ఏదో పని మీద పోయి, ఒక చిన్న దుకాణంలో దాన్ని కొనుక్కొచ్చాడు. దాని కంపెనీ పేరు చదవబోతే అమ్మినవాడికే నోరు తిరగలేదట. చవకంటే చవక. బియ్యప్పిండితో కాల్చే సర్వపిండి రొట్టె అంత ఉంటుంది, సర్వపిండి కన్నా పల్చన. కాసేపు నడిస్తే సర్వపిండంత వేడి కూడా అవుతుంది. కానీ దానిలో నెట్టు పెడితే సీరియల్ వస్తుంది. వస్తే వచ్చింది గానీ, టీవీలో రెండింటికి రావలసింది దానిలో పొద్దున ఆరింటికే వచ్చి కూర్చుంటుంది!

ఆ సంగతి పూలమ్మకు తెలిసిన రోజు చెప్పాలి. చాప మీద అందరూ ఉన్నారు. టీవీలో కోడలు మెట్ల మీద నిలబడి ఉంది, వెనక నుంచి ఎవరిదో చెయ్యి వస్తోంది. పూలమ్మకు ఊపిరి ఆగింది.

"అయ్యో, నూకుతదే! నూకుతది!"

"నూకదు వదినె," అంది శోభ ఆవలిస్తూ. "భుజం మీద చెయ్యేస్తది. గది వాళ్ల అవ్వ."

చెయ్యి భుజం మీద పడింది. అవ్వే.

పూలమ్మ కుర్చీలో తిరిగి చూసింది. "నీకెట్ల తెల్సే?"

"పొద్దున సూసిన గదా, ట్యాబుల."

"మేం గూడ సూసినం పూలక్క," అంది ఎదురింటి రాజకుమారి. "నీకు బాధయితదని మల్ల వచ్చినం."

నీకు బాధయితదని! ఆ మాట పూలమ్మ కడుపులో పడి, అక్కడే పొయ్యి రాజేసుకుంది. ఆ రాత్రి అన్నం తినకపోయినా ఆకలి కాలేదు, అంత మంట.

రెండోనాడు ముగ్గురే వచ్చారు. మూడోనాడు అదే లైనులోని సారవ్వ ఒక్కతే వచ్చింది, అదీ పెరుగు తోడుకని. నాలుగోనాడు టీవీ, కుర్చీ, పూలమ్మ.

పలకతో ఉన్న సుఖం ఏమిటంటే దానికి కాళ్లున్నాయి. టీవీ గోడకు మేకు కొట్టి ఉంటుంది. పలక శోభ చంకలో ఉంటుంది. ఏ ఇంట్లో మగమనిషి డ్యూటీకి పోతే ఆ రోజు ఒంటి గంటకు ఆ ఇంటికి నడిచిపోతుంది. ఒకనాడు రాజకుమారి ఇంట్లో, ఒకనాడు సారవ్వ ఇంట్లో. ఎవరింటికి పోతే వాళ్లే ఆ రోజు పెద్ద. వాళ్లే ఛాయ్ పెడతారు, వాళ్లే బియ్యం డబ్బా బోర్లించి పలకను దానికి ఆనిస్తారు. పదేళ్లు చాప మీద కూర్చున్నవాళ్లకు కుర్చీ వంతు వచ్చినట్టయింది.

పిలవలేదా అంటే, పిలిచారు. శోభ స్వయంగా వచ్చింది.

"రా వదినె, సారక్క ఇంట్లున్నం."

"నాకు అరచేతిల సిన్మ ఆనదమ్మా," అంది పూలమ్మ. "నా కండ్లు పెద్ద టీవీకి అలవాటైనయి."

శోభ పోయాక, వంటింటి కిటికీకి చెవి పెట్టి నిలబడింది. సారవ్వ ఇంట్లోంచి నవ్వు వినిపించింది. ఎనిమిది గోడలు దాటి వచ్చిన నవ్వు అది. ఏం చూసి నవ్వుతున్నారు? తన గురించా? అంత నవ్వు తన ఇంట్లో ఎప్పుడైనా నవ్వారా? పూలమ్మ చేతిలో ఉన్న వంకాయ ఎప్పుడు నుజ్జయిందో ఆమెకు తెలియదు.

సాయంత్రం సదయ్యను పట్టుకుంది.

"మనకో ట్యాబు దే."

"గింత పెద్ద టీవీ ఉండంగ గదెందుకే?"

"శోభకున్నది."

"శోభకు పంటినొప్పి గూడ ఉన్నది. దెమ్మంటవా?"

ఇక ఆ మొగుడితో లాభం లేదనుకుంది. మర్నాడు రెండింటికి టీవీ గొంతు ఆఖరిదాకా పెంచింది. లైనంతా వినబడితే వాళ్లే సిగ్గుపడి వస్తారని. గోదావరి అవతలి ఒడ్డున బట్టలుతికే వాళ్లు కూడా ఆ రోజు సీరియల్ అర్థం చేసుకున్నారట. ఆడవాళ్లు రాలేదు గానీ, పక్కింటి భూపాల్ లుంగీ కట్టుకుంటూ, ఎర్రబడ్డ కళ్లతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, గేటుకు నా హెల్మెట్ కనవడలేదా? రాత్రి డ్యూటీ చేసి పన్న."

పూలమ్మ టీవీ ఆపింది. పదేళ్లలో ఆ లైనులో నిద్ర చెడగొట్టిందన్న పేరు ఎవరికీ రాలేదు. ఆమెకు వచ్చింది. దానికి కూడా కారణం ఆ పలకే అనిపించింది.

అప్పుడు చూసింది, భూపాల్ గేటుకున్న హెల్మెట్‌ను. పిల్లి కూడా దాని పక్కనుంచి చప్పుడు కాకుండా పోతోంది. పూలమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

శుక్రవారం ఒంటి గంటకు పలక సారవ్వ ఇంటికి పోవాలి. సారవ్వ మొగుడు ఆగయ్య ఆ వారం మొదటి షిఫ్టు. పొద్దున ఏడింటికి దిగితే మూడింటికి గానీ పైకి రాడు. సారవ్వ పదకొండింటికి సంచి పట్టుకుని మార్కెట్‌కు పోతూ అందరికీ చెప్పింది.

"ఒంటిగంట వరకు వస్త. వచ్చి కూసోండ్రి. ఉల్లిగారెలు జేస్త."

ఉల్లిగారెలు! పూలమ్మ ఇంటికి వచ్చినప్పుడు సారవ్వ ఎప్పుడూ పల్లీలే తెచ్చింది.

సారవ్వ మలుపు తిరిగిందో లేదో పూలమ్మ అటకెక్కింది. సదయ్య పాత హెల్మెట్ తీసి, బూజు దులిపి, కొంగు కింద పెట్టుకుంది. ఎండకు లైనులో మనిషి లేడు. పోయి సారవ్వ గేటుకు తగిలించింది. ఆగయ్య నాగా పెట్టి పడుకున్నాడని అందరూ అనుకుంటారు. లోపలికి ఎవరూ పోరు. తాళం వేసి ఉందో లేదో కూడా చూడరు. వాళ్లు తన ఇంట్లో కూర్చున్నాక, సారవ్వ వచ్చేలోపు, తీసేస్తే సరి. అంతే. ఎవరికీ ఏమీ కాదు.

పన్నెండున్నరకే ఛాయ్ నీళ్లు పెట్టి, అరుగు మీద బియ్యం ఏరుతూ కూర్చుంది. ఒంటి గంటకు పది నిమిషాల ముందే శోభ, రాజకుమారి, ఇంకా నలుగురు వచ్చి, సారవ్వ గేటు దగ్గర ఆగారు. గుసగుసలాడారు. శోభ పలకను కొంగులో చుట్టుకుంది.

"ఏందే, నిలవడ్డరు?" అంది పూలమ్మ, ఏమీ తెలియనట్టు.

"ఆగయ్య బావ పన్నట్టున్నడు వదినె. డ్యూటీకి పోలేదేమో."

"పానం బాగలేదేమో. పోనీ గని, రాండ్రి. ఛాయ్ మస్లుతంది. పెద్ద టీవీ ఉండంగ ఎండల నిలవడుడెందుకు?"

వచ్చారు. ఆరుగురు! చాప పరిస్తే చాప మురిసింది. పూలమ్మ ఛాయ్ పోసింది, మురుకులు పెట్టింది, డబ్బాలో దాచిన బెల్లం కూడా తీసింది. శోభ పలకను పక్కన బోర్లా పెట్టడం చూసి ఆమెకు కడుపు చల్లబడింది. రాజకుమారి ఆడబిడ్డ గొడవ మొదలుపెట్టింది. ఒకరు మాటందుకున్నారు, ఇంకొకరు నవ్వారు. పూలమ్మ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, "ఔ మల్ల, అటెన్క?" అంటూ ఉంది. గోడ మీద గడియారం ఒంటిగంట కొట్టింది, ఒకటిన్నర చూపించింది, రెండుకు చేరింది. ఆమె రిమోట్ నొక్కింది. సీరియల్ పాట మొదలైంది. ఆరుగురి కళ్లూ తన గోడ మీద. అటక మీది హెల్మెట్ ఎక్కడుందో ఆ నిమిషంలో ఆమెను అడిగితే అటక మీదే ఉందని చెప్పేది.

సారవ్వకు మార్కెట్‌లో ఆలస్యమైంది. రెండుంబావుకు లైనులోకి వచ్చింది. గేటు చూసింది.

గేటుకు హెల్మెట్ ఉంది. లోపల తలుపుకు తాను వేసిన తాళం తాను వేసినట్టే ఉంది. మనిషి బాయిలో ఉన్నాడు. మనిషి లేకుండా హెల్మెట్ ఒక్కటే ఇంటికి రావడమంటే ఏమిటో ఆ లైనులో ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఎవరో తెచ్చారు, తాళం చూసి గేటుకు తగిలించి పోయారు. ఆగయ్యకు ఫోన్ చేసింది. ఫోన్ తాళం వేసిన ఇంట్లోనే మోగింది. బాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు కదా.

అప్పుడు ఆమె వేసిన కేకకు పూలమ్మ టీవీలో అత్త కూడా నోరు మూసింది.

రాజకుమారి ముందు బయటికి పోయింది. "అయ్యో! సారక్క ఉరుకుతంది! టమాటలన్ని రోడ్డు మీద పడ్డయి!"

"ఎటు?"

"బాయి దిక్కు! చెప్పులు గూడ లేవు!"

పూలమ్మ కుర్చీలోంచి లేచింది. గేటు, హెల్మెట్, తాళం, మూడూ ఒక్కసారే కళ్ల ముందుకు వచ్చాయి. ఇక ఉరికింది. పెళ్లయినాక పూలమ్మ ఉరకడం ఎవరూ చూడలేదు. ఆ రోజు ఆటోను దాటింది, బస్సును దాటింది, బొగ్గు లారీ ఒకటి ఆమెను చూసి భయపడి పక్కకు జరిగి దారిచ్చింది. మెయిన్ రోడ్డు మీద ఆటోల అడ్డా దగ్గర సారవ్వ చెయ్యి దొరికింది.

"సారక్కా, ఆగు! బావకు ఏం గాలే!"

"ఇడువు పూలమ్మా! హెల్మెట్ పంపిచ్చిండ్రు!"

"ఎవలు పంపలే! గది నేను తగిలిచ్చిన!"

సారవ్వ ఆగి ఆమె మొఖంలోకి చూసింది. చూసి, భుజం మీద పడి భోరున ఏడ్చింది.

"నా పానం నిలవెట్టనీకి గట్ల అంటున్నవు గదా. నువ్వెంత మంచిదానివే పూలమ్మా! అక్కచెల్లెండ్లు గూడ గింత జెయ్యరే!"

పూలమ్మ నెత్తిన పిడుగు పడినా అంత బాధ అయ్యేది కాదు.

"మంచిదాన్ని గాదక్కా, నేను నిజమే చెప్తున్న!"

"చెప్పకు! నన్ను పోనియ్యి! ఆయన మొఖం సూడాలె!"

ఆటోవాళ్లు దిగి చుట్టూ నిలబడ్డారు. వెనక నుంచి శోభ, రాజకుమారి, మిగతావాళ్లు రొప్పుతూ వచ్చారు. తప్పు తనదంటే సారవ్వ నమ్మడం లేదు. ఎందుకు చేసిందో చెప్తే తప్ప నమ్మదు. అది చెప్పడం కన్నా లారీ కింద పడటం నయం అనిపించింది పూలమ్మకు. సారవ్వ చెయ్యి జారిపోతోంది.

"కుళ్లుతోని జేసిన!" అని అరిచింది. "ఇన్నవా? కుళ్లు! శోభ పలక జూసి కుళ్లుకున్న. నా ఇల్లు ఇడిసి మీరందరు దాని ఎన్క పోతే కుళ్లుకున్న. మీ ఇంట్ల నవ్వుతుంటే నా కిటికీ కాడ నిలవడి ఇన్న. నాకు పల్లీలు తెచ్చి వాళ్లకు గారెలు జేస్తనంటివి, గది గూడ కుళ్లే! ఆళ్లు మీ ఇంట్లకు పోవద్దని, నా ఇంటికి రావాల్నని మా ఆయన పాత హెల్మెట్ నీ గేటుకు తగిలిచ్చిన. నువ్వొచ్చేటాలకు తీద్దామనుకున్న. ఆళ్లు నా చాప మీద కూసునేటాలకు మరిచిన. సంబురంల మరిచిన, అక్కా."

సారవ్వ ఏడుపు ఆపి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. గారెల మాట దాకా వచ్చేసరికి ఆమెకు నమ్మకం కుదిరినట్టుంది. జాలి పడి అబద్ధం చెప్పేవాళ్లు పల్లీల లెక్క తీయరు.

"ఆగయ్య బాయిలనే ఉన్నడా?"

"ఉన్నడు. మూడింటికొస్తడు."

సారవ్వ తన కాళ్లు చూసుకుంది. తారు రోడ్డుకు అరికాళ్లు బొబ్బలెక్కాయి.

"నీ చెప్పులిటియ్యి."

పూలమ్మ విడిచింది. సారవ్వ ఒక చెప్పు తీసుకుని ఆమె భుజం మీద ఒక్కటి వేసింది, గట్టిగానే. తర్వాత రెండూ తొడుక్కుని ఇంటి దిక్కు నడిచింది. మిగతావాళ్లు ఆమె వెంట పోయారు. పూలమ్మ ఆ ఎండలో, ఆ తారు మీద, వట్టి కాళ్లతో వెనక నడిచింది. దారిలో ఎవరూ తిరిగి చూడలేదు. శోభ కూడా.

మూడున్నరకు ఆగయ్య అన్నం డబ్బా ఊపుకుంటూ వచ్చాడు. గుమ్మంలో అంతమంది ఆడవాళ్లను చూసి జడుసుకున్నాడు. సంగతి విన్నాక పెళ్లాన్ని ఒకే మాట అడిగాడు.

"నేను పోయిననుకుని ఎంతసేపు ఏడ్చినవే?"

"నీ మొఖం, పది నిమిషాలు గూడ కాలే," అని సారవ్వ అతన్ని రెండు గుద్ది, మళ్లీ ఏడ్చింది.

అప్పటినుంచి పూలమ్మ ఇంటికి ఎవరూ రాలేదు. తోడు పెరుగుకు కూడా రాలేదు. సదయ్య నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు, ఐదోరోజు "ఉప్పెక్కువైంది" అన్నాడు. అదే మాట్లాడటం. రెండింటికి టీవీ పెట్టుకునేది. అత్త గదమాయించేది, కోడలు ఏడ్చేది, ఆమెకు ఒక్క ముక్క ఎక్కేది కాదు. కుర్చీ మీద కూర్చుంటే చాప వెక్కిరించేది, చాప మీద కూర్చుంటే కుర్చీ.

రోజూ ఒంటి గంటకు నవ్వు వినబడేది. తప్పు ఒప్పుకున్నాక కుళ్లు పోతుందని ఎవరైనా చెప్పి ఉంటే వాళ్లను పట్టుకొచ్చి అడిగేది. పోలేదు. ఇంకా బలిసింది. ఇంతకుముందు పిలిస్తే పోనిదాని కుళ్లు, ఇప్పుడు పిలవనిదాని కుళ్లు.

పదకొండో రోజు ఇక ఉండలేక లేచింది. పలక ఆ రోజు కూడా సారవ్వ ఇంట్లోనే. గేటు గొళ్లెం తీసింది. గుమ్మంలో నిలబడింది. ఏడుగురూ ఒకేసారి తలలు తిప్పారు. బియ్యం డబ్బాకు ఆనించిన పలకలో ఎవరో పెళ్లికి ముస్తాబవుతున్నారు.

"ఏంది?" అంది సారవ్వ.

చెప్పడానికి దారిపొడుగునా అల్లుకున్న మాటలన్నీ పోయాయి. "సూద్దామని వచ్చిన," అంది.

"నీ కండ్లకు ఆనదంటివి గదా," అంది రాజకుమారి.

"ఆనకున్నా ఇంట."

ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. పూలమ్మ గుమ్మం పక్కనే, చెప్పులు విడిచే చోట కూర్చుంది. అక్కడినుంచి పలక కనిపించదు, ఏడు జడలు కనిపిస్తాయి. కాసేపు జడలనే చూసింది. పెళ్లి బాజాలు వినిపించాయి, మధ్యలో ఎవరో "ఆపండి" అన్నారు. లోపల ఏడుగురూ ఊపిరి బిగబట్టారు. ఎవరు ఆపారో తెలియక పూలమ్మ మెడ సాచింది. ఇంకా సాచింది. మెడ కొంగ మెడంత అయింది.

సారవ్వ వెనక్కి తిరగకుండానే చెయ్యి జాపి పక్కనున్న శోభను నూకింది. "జెరుగు."

శోభ జానెడు జరిగింది.

పూలమ్మ మోకాళ్ల మీద పాక్కుంటూ పోయి ఆ జానెడులో ఇరుక్కుంది. అక్కడినుంచి పలక కనిపించింది. నిజంగా చిన్నది. ఒక మూలకు గీత కూడా పడింది. పెళ్లి ఆపిన మనిషి ముఖం చూపించబోతుండగా బొమ్మ నిలిచిపోయి, నడుమ గుండ్రంగా చక్రం తిరగడం మొదలుపెట్టింది. అందరూ గొణిగారు. శోభ మాత్రం తొందరపడలేదు. నెమ్మదిగా ముందుకు వంగి, బొటనవేలితో అద్దం మీద ఒక్కసారి అలా రాసింది. బొమ్మ కదిలింది.

"గట్లనా?" అంది పూలమ్మ మెల్లగా. "ఒక్కపారి నన్ను రుద్దనియ్యవే."

"మల్లొక్కపారి ఆగినప్పుడు," అంది శోభ.

పూలమ్మ సీరియల్ చూడలేదు. ఆ బొటనవేలునే చూస్తూ, బొమ్మ మళ్లీ ఎప్పుడు ఆగుతుందా అని కూర్చుంది.